కోరింగలో నీటికాకి, నీటికుక్క

గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు కొద్ది దూరంలో, 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యానికి నేను రెండు ప్రాణుల కోసం వెళ్లాను. ఒకటి చిన్న నీటికాకి, రెండోది నున్నని బొచ్చు నీటికుక్క. రెండూ నీట మునిగి చేపను వెంటాడేవే అయినా, మొదటిది పది నిమిషాల్లో కనిపించింది. రెండోది రెండు రోజులు తిప్పించింది.

నీటికాకిని చూడటానికి మడ చెట్ల మధ్య వేసిన చెక్కబాటే చాలు. దాని ఈకల అంచులు నీటిని పీల్చుకుంటాయి కనుక అది తేలికగా మునుగుతుంది. కానీ పైకి వచ్చాక కొమ్మ మీద రెక్కలు చాచి ఆరబెట్టుకోక తప్పదు. ఫొటోలు తీసేవారికి ఇంతకంటే ఓపికగా నిలబడే పక్షి దొరకదు. నీటికుక్కకు ఆ అవసరం అంతగా లేదు. దాని దట్టమైన లోపలి బొచ్చు గాలిని పట్టి ఉంచి చర్మాన్ని తడవనివ్వదు కాబట్టి, ఒడ్డున ఒకసారి విదిలించుకుని, కాసేపు దొర్లి, మళ్లీ నీటిలోకి జారిపోతుంది.

మొదటి రోజు మధ్యాహ్నం మోటారు పడవ ఎక్కడం నా పొరపాటు. ఇంజను మోతకు కొంగలే లేచిపోయాయి, ఇక నీటికుక్కల మాట చెప్పాలా! మరునాడు తెల్లవారుజామునే పంపుతామన్న వాహనాన్ని కాకినాడలో నేను దిగిన బస వారు గంట ఆలస్యంగా పంపారు. గదికి, భోజనానికి వంక పెట్టలేను గాని, ఇలాంటి యాత్రలో ఆ గంట విలువ గది సౌకర్యం కంటే ఎక్కువ. అందువల్ల వాహనం ముందురోజే విడిగా కుదుర్చుకోవడం మేలు.

ఆ రోజు పడవ నడిపినాయన మాత్రం మెచ్చుకోదగినవాడు. పోటు తీస్తున్న వేళ కాలువ మలుపులో ఇంజను ఆపి, ముందుగా బురద మీది అడుగుజాడలను, చేప పొలుసులతో నిండిన మలాన్ని చూపించాడు. కాసేపటికి నాలుగు తలలు నీటిపై తేలాయి. నీటికాకి ఒంటరిగానూ వేటాడుతుంది. ఇవి కుటుంబంగా, ఒకదాన్నొకటి పిలుచుకుంటూ సాగాయి. రెండు నిమిషాలకు మించి కనిపించలేదు.

పిల్లలతో వెళ్లేవారికి చెక్కబాట, నీటికాకులు సరిపోతాయి. నీటికుక్కే కావాలంటే రెండు ఉదయాలు కేటాయించి, ఇంజను ఆపడానికి ఒప్పుకునే పడవనే ఎంచుకోవాలి.