టర్మ్ పాలసీయా, ఎండోమెంట్ పాలసీయా, అద్దెకిచ్చే ఫ్లాటా: ఏది మేలు?

హైదరాబాదులో నెలకు లక్ష రూపాయల జీతం మీద పనిచేస్తున్న 32 ఏళ్ళ ఉద్యోగిని ఊహించుకుందాం. భార్య, చిన్నపాప, నెలకు అరవై వేల ఇంటి ఖర్చు ఉన్నాయి. ఆఫీసులో స్నేహితుడు టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మనిషి పోతేనే కుటుంబానికి సొమ్ము ఇచ్చే బీమా, తీసుకోమంటాడు. వరుసకు బాబాయి అయిన ఏజెంటు, బీమాతోపాటు పొదుపూ కలిసి గడువు తీరాక సొమ్ము చేతికిచ్చే ఎండోమెంట్ పాలసీ కాగితాలు పట్టుకొని ఆదివారం పూట ఇంటికి వస్తాడు. మామగారేమో “ఆ కాగితాలన్నీ ఎందుకు అల్లుడుగారూ, మియాపూర్‌లో ఒక ఫ్లాట్ కొని అద్దెకిచ్చెయ్యండి” అంటారు. ముగ్గురూ మేలు కోరే చెబుతున్నారు గాని, ఆ మూడూ ఒకే పని చేసేవి కావు. కాబట్టి ఈ మనిషి రేపు లేకపోతే ఇల్లు ఎలా గడుస్తుంది, ఉంటే ఎంత మిగులుతుంది అన్న రెండు ప్రశ్నలనూ ప్రతిదానికీ విడివిడిగా వేసి చూడడమే సరైన పద్ధతి.

ముందు బాబాయి తెచ్చిన కాగితం చూద్దాం. అందులో రాబడి 4 శాతమైతే ఎంత, 8 శాతమైతే ఎంత అని రెండు వరుసలు పక్కపక్కనే ఉంటాయి. ఏజెంటు వేలు సాధారణంగా రెండో వరుస మీదే ఆగుతుంది. ఆ శాతాలు సంస్థ పెట్టుబడులపై రావచ్చునని ఊహించినవే తప్ప, ఖర్చులూ బీమా రక్షణకు పోయే భాగమూ మినహాయించాక మన చేతికి వచ్చేవి కావు. ఏటా లక్ష రూపాయల చొప్పున 20 ఏళ్ళు కడితే 20 లక్షల బీమా మొత్తం, ఏటా వెయ్యికి 40 రూపాయల బోనస్ అనుకుందాం. ఈ బోనస్‌ను బీమా మొత్తం మీదే లెక్కగడతారు, దానిపై చక్రవడ్డీ ఉండదు. ఆ లెక్కన బోనస్ 16 లక్షలు, మొత్తం 36 లక్షలు చేతికి వస్తాయి. వినడానికి బాగానే ఉంటుంది గాని, ఇరవై ఏళ్ళ రాబడి చూస్తే సాలుకు సుమారు 5.3 శాతమే. అంతకంటే పెద్ద లోటు మొదటి ప్రశ్న దగ్గర కనిపిస్తుంది: అయిదో ఏట ఆ ఉద్యోగి చనిపోతే కుటుంబానికి అందేది దాదాపు 24 లక్షలు, అంటే అరవై వేల ఖర్చుకు మూడేళ్ళు దాటి కొన్ని నెలల గ్రాసం.

అదే లక్షలో 15 వేలు కోటి రూపాయల టర్మ్ పాలసీకి పోయాయనుకుని, మిగతా 85 వేలను ఏటా ఏప్రిల్ మొదటివారంలో ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో వేస్తే ఏమవుతుంది? ఖాతా గడువు 15 ఏళ్ళయినా, మరో అయిదేళ్ళు పొడిగించుకోవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి అమలైన 7.1 శాతం వడ్డీయే చివరిదాకా ఉంటుందనుకుంటే 20 ఏళ్ళకు 37 లక్షల 70 వేలు జమ అవుతాయి. ప్రభుత్వం ఈ వడ్డీని మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది కనుక కొంత తగ్గినా తగ్గవచ్చు; అయినా రక్షణ అయిదింతలు కావడం మారదు. బతికుంటే టర్మ్ పాలసీలో పైసా తిరిగి రాదన్న మాట నిజమే. బండికి కట్టే బీమా విషయంలో ఎవరూ చెయ్యని ఈ ఫిర్యాదు ప్రాణానికి కట్టే బీమా దగ్గరే ఎందుకు వస్తుందో నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది. ఎండోమెంట్‌ను పూర్తిగా తీసిపారెయ్యనక్కరలేదు. ఎవరో వెంటపడి కట్టిస్తే తప్ప రూపాయి దాచలేని మనుషులకు అది పనికొస్తుంది. మధ్యలో సరెండర్ చేస్తే, అంటే గడువుకు ముందే పాలసీ వదులుకుంటే మాత్రం నష్టం తప్పదు.

ఇక మామగారి ఫ్లాట్. 70 లక్షల ఇల్లు, 20 వేల అద్దె అనుకుంటే పైకి కనిపించే రాబడి 3.4 శాతం. ఏడాదిలో ఒక నెల టు-లెట్ బోర్డు వేలాడడం, ఆస్తిపన్ను, మరమ్మతులు తీసేస్తే మూడు శాతం కూడా నిలవడం కష్టం. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ కోసమని అడ్వాన్సులో ఒక నెల అద్దె పట్టుకోవడం మనకు అలవాటే గాని, గోడల నిండా మేకుల గుంతలు, బాత్‌రూమ్‌లో కారుతున్న కుళాయి, విరిగిన వంటగది అల్మరా తలుపు కలిస్తే ఆ నెల అద్దె సరిపోదు. స్థలం విలువ పెరుగుతుందనే ఆశే ఇక్కడ అసలు బలం. అయితే అపార్ట్‌మెంట్‌లో మన పేర వచ్చే స్థలం కొన్ని గజాలే.

అప్పు చేసి కొంటే లెక్క ఇంకా మారుతుంది. 50 లక్షల రుణానికి 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళ కిస్తీ నెలకు సుమారు 43,400 రూపాయలు. అద్దె పోగా 23,400 జేబులోంచే పెట్టాలి. అయిదేళ్ళు కట్టాక కూడా 44 లక్షల అప్పు మిగిలే ఉంటుంది. సంపాదించేవాడు పోతే ఆ అప్పు ఇంటితోపాటు భార్య మీదికి వస్తుంది. అదే అప్పు లేకుండా కొన్న ఇల్లయితే, ముఖ్యంగా ఉద్యోగ విరమణ చేసినవారికి, నెలనెలా వచ్చే అద్దె ఎంతో ఊరట.

పన్ను కలిసొస్తుందన్న మాటను ఎవరు చెప్పినా ఒకసారి నిలదీసి అడగాలి. కొత్త పన్ను విధానంలో ప్రీమియానికి మినహాయింపు లేదు. అద్దెను మించిన గృహరుణ వడ్డీని జీతంలోంచి తగ్గించుకోవడానికీ వీల్లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ తీసివేయడం మాత్రం అందరికీ అందిన లాభమే.

కాబట్టి ఈ ఉద్యోగి ముందు టర్మ్ పాలసీ తీసుకోవాలి, తర్వాత పొదుపు మొదలుపెట్టాలి, ఫ్లాటు సంగతి కిస్తీ భారం తగ్గేంత సొమ్ము చేరాకే చూడాలి. ఇప్పటికే రుణం తీసుకున్నవారైతే ఆ రుణానికి తోడు ఇంటి ఖర్చుకూ సరిపడేంత టర్మ్ పాలసీ ఉండాలి. దరఖాస్తులో సిగరెట్టు, షుగరు, బీపీ వంటివి దాచకూడదు. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ తీసుకుంటే, ఆ సొమ్ము భార్యకూ పిల్లలకూ చెందుతుంది గాని సాధారణంగా అప్పులవాళ్ళు దాన్ని జప్తు చెయ్యలేరు. ఆ సంగతి పాలసీ తీసుకునేటప్పుడే రాయించుకోవాలి.