1966 ఎఫ్-100 పికప్‌కి క్రౌన్ విక్టోరియా సస్పెన్షన్: కొన్నేళ్ళు రోజూ నడిపాక

ఫోర్డ్ ఎఫ్-100 పాత పికప్‌లకి ఫోర్డ్‌దే పెద్ద కారు క్రౌన్ విక్టోరియా ముందు వైపు సస్పెన్షన్ పెట్టుకోవడం ఇక్కడ అమెరికాలో కొత్తేం కాదు, ఎప్పట్నుంచో చేస్తున్నారు, వీడియోలు కూడా బోలెడున్నాయి. కాకపోతే వాటిల్లో చాలావరకు బండి రోడ్డెక్కిన రోజుతో ఆగిపోతాయి. తర్వాత టైర్లు ఎలా అరిగాయి, ఎండాకాలం టెక్సస్ హైవే మీద గంటలకొద్దీ నడిపితే ఎలా ఉంటుంది, ఏ పార్టు ముందు పోయింది, ఇవి చెప్పేవాళ్ళు తక్కువ. నాది 1966 ఎఫ్-100, టూ వీల్ డ్రైవ్. మేముండేది డాలస్ పక్కన, ఆఫీసుకైనా కూరగాయలకైనా ఇదే బండి. పెట్టించి కొన్నేళ్ళైంది, ఒక సెట్టు టైర్లు పూర్తిగా అరిగిపోయి రెండో సెట్టు మీదున్నాను, ఇప్పుడు రాస్తే ఎవరికైనా పనికొస్తుంది.

అసలు 66లో కంపెనీ ఇచ్చింది ట్విన్ ఐ-బీమ్. 1965లో ఎఫ్-100కి అది వచ్చింది, అంతకుముందు ముందు వైపు కూడా లారీల్లాగే ఒకటే యాక్సిల్, కమాన్ పట్టీలు. ట్విన్ ఐ-బీమ్‌లో రెండు ఇనప దూలాలు ఒకదాన్నొకటి దాటుకుని ఉంటాయి, ఎడమ చక్రం దూలం కుడి పక్కన, కుడి చక్రం దూలం ఎడమ పక్కన ఫ్రేముకి తగిలించి ఉంటుంది, పైన కాయిల్ స్ప్రింగులు. మొండిది, పొలాల్లో గుంతల్లో తిప్పినా చెక్కుచెదరదు, పని బండికి అంతకన్నా ఏం కావాలి. ఇబ్బందల్లా చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా కాంబర్, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణం, మారిపోతుంది, ఏళ్ళు గడిచి స్ప్రింగులు కుంగాయంటే టైరు లోపలి అంచు తినేస్తుంది, దాన్ని సరిచేయాలంటే దూలాన్నే జాకీ పెట్టి వంచాల్సి వచ్చేది. దానికి తోడు అరిగిపోయిన స్టీరింగ్ బాక్సు. మన ఊళ్ళలో పాత లారీ డ్రైవరు తిన్నటి రోడ్డు మీద కూడా స్టీరింగ్‌ని అటూ ఇటూ ఆడిస్తూనే ఉంటాడు చూడండి, ఐ-35 హైవే మీద నా పరిస్థితి అచ్చం అదే. పక్కనుంచి పెద్ద ట్రక్కు వెళ్తే లేన్ మధ్యలో నిలబెట్టడమే పని.

మరి అందరూ ఫోర్డ్ మస్టాంగ్ 2 కారు ముందు సస్పెన్షన్ డిజైనుతో చేసిన కిట్లు పెడతారు కదా, అది ఎందుకు కాదు అంటే, ఆ డిజైను 1974 నుంచి 78 దాకా వచ్చిన చిన్న కారుది. ఇప్పుడు అమ్మే కిట్లు గట్టివే, కానీ ఒక్కోళ్ళు ఒక్కోలా చేస్తారు, చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ ఎవరిదో, స్టీరింగ్ రాక్ ఎవరిదో అంతా కలగలుపు. క్రౌన్ విక్‌లో 2003 మోడల్ నుంచి ముందు భాగం మొత్తం మార్చేశారు, అల్యూమినియం క్రాస్‌మెంబర్ (ఫ్రేము రెండు పక్కల్నీ కలుపుతూ సస్పెన్షన్‌ని మోసే అడ్డ దూలం), రాక్ అండ్ పినియన్ స్టీరింగ్, షాక్ చుట్టూ స్ప్రింగ్ ఉండే కాయిలోవర్లు, డిస్కులకి రెండు పిస్టన్ల కాలిపర్లు. కింద బోల్టులు తీస్తే మొత్తం ఒక్క ముక్కగా దిగుతుంది. ఆర్ములు, రాక్ ఒకదానికొకటి ఎంత దూరంలో ఉండాలో కంపెనీ లెక్క కట్టి పెట్టింది కాబట్టి ఆ లెక్కని మనం చెడగొట్టకుండా ఎత్తి పెట్టుకుంటే బంప్ స్టీర్ బాధ, అంటే గుంతలో చక్రం పైకీ కిందకీ కదిలితే దానంతటదే పక్కకి తిరగడం, ఉండదు. నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. పైగా రోజూ షిఫ్టుల్లో తిరిగే పోలీసు కార్లకీ టాక్సీలకీ చేసిన సామాను, నా చిన్న ట్రక్కు దానికొక బరువే కాదు.

ఇక బిగింపు. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, వెల్డింగ్ బాగా వచ్చినంత మాత్రాన సరిపోదు. మా ఫాబ్రికేటర్ పాత యాక్సిల్ విప్పకముందే బండిని లెవెల్‌గా స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రం సెంటర్ నుంచి దారానికి గుండు కట్టి కిందకి వదిలి, అది తాకిన చోట షాప్ కాంక్రీటు మీద గీత గీశాడు, రెండు పక్కలా. వెనక యాక్సిల్ నుంచి ముందు గీతలకి మూలమూలకీ టేపు పట్టి కొలిచాడు, రెండు కొలతలు కలిసేదాకా ముందుకి కదల్లేదు. ఆ తర్వాతే పాత సామాను విప్పడం, ఫ్రేము కింది భాగం కోసి మందం ప్లేట్లతో మళ్ళీ మూసేయడం. క్రాస్‌మెంబర్ బోల్టులు పట్టే ప్లేట్లు ఫ్రేముకి వెల్డ్ చేసేశాక ఇక జరపడం కుదరదు కాబట్టి ఆ గీతలే ఆధారం.

ఇంకోటి, చాలామంది వదిలేసేది. బండి చివరికి ఎంత వాలుతో నిలబడుతుందో ముందే తేల్చుకోవాలి. ముందు భాగం కిందకి, వెనక పైకి ఉండే స్టయిల్ చూడ్డానికి బావుంటుంది, కానీ ఫ్రేము ఒక డిగ్రీ ముందుకి వాలితే క్రాస్‌మెంబర్ కూడా దాంతోపాటు వాలుతుంది, కాస్టర్, అంటే చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, అంతే తగ్గుతుంది. కాస్టర్ తగ్గితే మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు, హైవే మీద మళ్ళీ అదే ఊగులాట, అంత ఖర్చు పెట్టి ఏం లాభం. అందుకే మేము వెనక ఎత్తు, టైరు సైజు ముందు ఖాయం చేసుకుని, ఆ వాలులో క్రాస్‌మెంబర్ నేలకి సమంగా వచ్చేలా బిగించాం.

రోడ్డు మీద తేడా మాటల్లో చెప్పాలంటే, ఇది పాత బండి అన్న భయం పోయింది. 75 మైళ్ళ స్పీడులో ఒక చేత్తో పట్టుకుని వెళ్ళొచ్చు. కాంక్రీటు హైవేల మీద అతుకులుంటాయి కదా, ఇంతకుముందు ప్రతి అతుకుకీ బండి ఒక పక్కకి లాగేది, ఇప్పుడు చప్పుడు వినబడుతుంది గానీ స్టీరింగ్ కదలదు. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు హ్యూస్టన్ పక్కన పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి దీన్లోనే తీసుకెళ్ళా, ఐ-45 మీద నాలుగు గంటల పైనే ప్రయాణం, పోయినసారి వచ్చినప్పుడు ఊరు దాటకముందే నడుం నెప్పన్న మనిషి ఈసారి బెంచ్ సీట్లో పడుకుని నిద్రపోయింది. బ్రేకులు వేరే లెవెల్. 66లో నాలుగు చక్రాలకీ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ కూడా సింగిల్ సర్క్యూట్, ఒక్క చోట లీకైతే మొత్తం పోతుంది. ఈ పని చేసేవాళ్ళు డ్యూయల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ కూడా అప్పుడే వేసుకోండి, దాన్ని తర్వాత చూద్దాం అనుకోవద్దు.

స్టీరింగ్ గురించి ఒక చిన్న విషయం. రాక్‌కి ఒక కరెంటు ప్లగ్ ఉంటుంది, స్పీడుని బట్టి పవర్ స్టీరింగ్ సాయాన్ని మార్చే వాల్వుది. దానికి సిగ్నల్ ఇవ్వకపోతే ఏ స్పీడులోనైనా ఒకటే బరువు, హైవే మీద నాకది మరీ తేలిగ్గా అనిపించింది. దీనికి చిన్న కంట్రోలర్ డబ్బాలు దొరుకుతాయి, ఒకటి పెట్టించాక బరువు నాకు కావాల్సినట్టు కుదిరింది.

పోగొట్టుకునేవి కూడా ఉన్నాయి, చిన్నవేం కాదు. క్రౌన్ విక్ ముందు వెడల్పు ఎక్కువ, అందుకే బాగా లోపలికి కూర్చునే ఎక్కువ ఆఫ్‌సెట్ చక్రాలే పట్టాలి, లేకపోతే టైరు ఫెండర్ బయటికొస్తుంది. పాత స్టయిల్ లోతు రిమ్ములు ఇక మర్చిపోవాలి. బోల్ట్ పాటర్న్ కూడా వేరు, ఎఫ్-100ది 5.5 అంగుళాల వలయం మీద 5 బోల్టులు, క్రౌన్ విక్‌ది 4.5 అంగుళాల వలయం మీద 5 బోల్టులు. కాబట్టి ముందూ వెనకా ఒకే చక్రాలు కావాలంటే వెనక యాక్సిల్ కూడా మార్చాల్సిందే, నేను అదే కారు వెనక యాక్సిల్ తీసుకుని, దాని మీదున్న పాత బ్రాకెట్లు గ్రైండ్ చేయించి, కమాన్ పట్టీలకి కొత్త సీట్లు వెల్డ్ చేయించా. పోలీసు కారు నల్ల స్టీలు చక్రాలే వేసుకున్నా, మధ్యలో చిన్న మెరుపు టోపీతో పాత పికప్‌కి బాగానే నప్పాయి. బండి ఎత్తు బాగా తగ్గుతుంది, దానికి సరిపడా వెనక కూడా దించాలి, దించాక యాక్సిల్‌కి పైకి కదిలే చోటు తగ్గుతుంది. సోఫా, ప్లైవుడ్ లాంటివి సునాయాసంగా తెస్తా, కంకర నింపాలంటే మాత్రం ఇది ఆ బండి కాదిక. స్టీరింగ్ పూర్తిగా తిప్పి డ్రైవ్‌వే ఎక్కితే టైరు లోపలి ఫెండర్‌కి కొంచెం రాసుకుంటుంది, ఇప్పటికీ.

మెయింటెనెన్స్ సుఖం. ఇన్నాళ్ళలో పోయింది ఒక ముందు హబ్ బేరింగు, గుయ్యిమని శబ్దం మొదలైంది, హబ్ మొత్తం ఒక యూనిట్‌గా వస్తుంది, మా వాకిట్లోనే మార్చేశా. టైర్లు రెండంచులా సమంగా అరిగాయి, ఈ బండి విషయంలో నేను అది చూస్తాననుకోలేదు. అలైన్‌మెంట్ షాపుకి వెళ్తే 66 ఎఫ్-100 అని చెప్పకండి, వాళ్ళ మెషీన్ ట్విన్ ఐ-బీమ్ అంకెలు తీస్తుంది, ముందు సామాను ఏ సంవత్సరం క్రౌన్ విక్‌దో ఆ సంవత్సరం పెట్టమనండి. నాది 2008ది, ఇంజిన్ కూడా దాని 4.6 వీ8 నే. కాయిలోవర్లు మొదట పోలీసు కారువే ఉంచా, ఈ ట్రక్కుకి గట్టిగా అనిపించి లింకన్ టౌన్ కార్‌వి వేయించా, సిటీ రోడ్లకి అవే హాయి.

తుప్పు లేని, ఒరిజినల్ పెయింటుతో ఉన్న ఎఫ్-100 మీ దగ్గరుంటే దయచేసి ఫ్రేము కోయొద్దు, అలాంటివి తగ్గిపోతున్నాయి. కింగ్ పిన్నులు, బుషింగులు, మంచి స్టీరింగ్ బాక్సు వేయిస్తే ఆదివారాలు తిప్పడానికి ట్విన్ ఐ-బీమ్ చాలు. ఇదివరకే ఎవరో కోసి అతికించిన బండి, రోజూ హైవే ఎక్కే బండి అయితే మాత్రం నేను ఇంకో ఆలోచన లేకుండా ఇదే చేయిస్తా.

సామాను వెతికేవాళ్ళకి, 2011 సెప్టెంబర్‌లో కెనడా సెయింట్ థామస్ ఫ్యాక్టరీలో ఆఖరి క్రౌన్ విక్ బయటికొచ్చింది, జంక్‌యార్డుల్లో రాన్రానూ తగ్గుతున్నాయి. పోలీసు కార్లకే ఎగబడక్కర్లేదు, 2003 తర్వాత ఫోర్డ్ కంపెనీవే మెర్క్యురీ గ్రాండ్ మార్కీ, లింకన్ టౌన్ కార్‌లకి కూడా ఇదే క్రాస్‌మెంబర్, అవి పెద్దవాళ్ళు మెల్లగా నడిపిన బండ్లు. రిమ్ము అంచు వంగి ఉంటే అది కర్బ్‌కి గుద్దుకున్న బండి, వదిలేయండి. రాక్ రెండు చివర్ల రబ్బరు తొడుగులు నొక్కి చూడండి, లోపల నూనె తగిలితే సీలు పోయినట్టే. తీసేటప్పుడు క్రాస్‌మెంబర్ బోల్టులు, స్టీరింగ్ షాఫ్టు కింది ముక్క, బ్రేకు హోసులు అన్నీ దాంతోపాటే తెచ్చుకోండి, తర్వాత విడిగా కొనాలంటే ఒక్కొక్కటీ తిరగాల్సొస్తుంది.