ఫైర్‌బాలా, స్కార్చింగ్ రేనా: క్రిటికల్ లెక్క

పాచికలతో ఆడే ఫాంటసీ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ఇవి రెండూ నిప్పు మంత్రాలు. మూడో లెవెల్ స్లాట్‌తో (మంత్రం వేయడానికి ఖర్చయ్యే శక్తి) రెండింటికీ డ్యామేజ్ కోసం దక్కేది 8 ఆరుముఖాల పాచికలే.

రోల్: ఫైర్‌బాల్‌కి శత్రువే సేవ్ (తప్పించుకునే రోల్) వేస్తాడు, కాబట్టి క్రిటికల్ (దాడి రోల్‌లో 20 పడితే వచ్చే రెట్టింపు పాచికల దెబ్బ) ఉండదు. అతనికి 1 పడినా అంతే. స్కార్చింగ్ రేలో 4 కిరణాలకీ 20 ముఖాల పాచికతో వేర్వేరు దాడి రోల్. 20 పడిన కిరణానికి పాచికలు రెట్టింపు.

లాభం: ఒక్క 20 అయినా పడే అవకాశం దాదాపు 19 శాతం. వినడానికి బాగుంటుంది కానీ, సగటున కలిసొచ్చేది 1.4 డ్యామేజే!

రిస్క్: కిరణం తప్పితే సున్నా. ఫైర్‌బాల్‌ని తప్పించుకున్నా సాధారణంగా సగం తగులుతుంది, పక్కనున్న మనవాళ్లకి కూడా.

గుంపు మీదికైతే ఫైర్‌బాలే. శత్రువు పక్షవాతంలో ఉండి మీరు 5 అడుగుల లోపుంటే మాత్రం తగిలిన ప్రతి కిరణమూ క్రిటికలే: నాలుగూ తగిలితే 16 పాచికలు.