ఆటోనగర్ రేడియేటర్ షాపు: పాత కారు వేడెక్కుతుంటే ఇక్కడికి వెళ్ళొచ్చు

గాజువాక ఆటోనగర్‌లోని ఈ చిన్న షాపులో మెచ్చుకోవాల్సింది ఒకటుంది. బండి వేడెక్కుతోందనగానే రేడియేటర్ ఊడదీయరు, ఎప్పుడు వేడెక్కుతోందో అడుగుతారు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు పైకెక్కి, హైవే మీద దిగితే ముందు ఫ్యాన్ చూస్తారు. హైవే మీదా, సింహాచలం కొండ ఎక్కేటప్పుడూ వేడెక్కితే రేడియేటర్‌లో పూడిక ఉందేమోనని అనుమానిస్తారు.

ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇస్తారు. తిరిగితే మోటారు బాగున్నట్టే, లోపం వేడికి ఫ్యాన్‌ని ఆన్ చేసే స్విచ్‌లోనో, దానికి కరెంటు అందించే రిలేలోనో, వైర్లు కలిసే కనెక్టర్‌లోనో ఉంటుంది. మన సముద్రపు గాలికి కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము పడుతుంది, విప్పితేగానీ కనబడదు. థర్మోస్టాట్‌ని, అంటే ఇంజిన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వుని, వేడినీళ్ళ గిన్నెలో వేలాడదీసి థర్మామీటర్ పెడతారు. థర్మోస్టాట్ మీద 82 అని ఉంటే అటూఇటూగా 82 డిగ్రీల సెల్సియస్ దగ్గరే తెరుచుకోవడం మొదలవ్వాలి. "వైజాగ్ ఎండకి ఇదెందుకు" అని పీకి పారేయరు, అది చాలా మంచి పద్ధతి.

పాత ఇత్తడి రేడియేటర్‌కి ట్యాంకులు విప్పి, పూడిక తీయడానికి గొట్టాల్లోకి సన్నటి రాడ్ దింపుతారు. బోరునీళ్ళు పోసిన బండైతే తెల్లటి సున్నం పెళ్ళలు రాలతాయి. ప్లాస్టిక్ ట్యాంకుల అల్యూమినియం రేడియేటర్‌కి ఈ పని కుదరదు, కొత్తది వేయించుకోవడమే మేలు.

లోటల్లా చివర్లో కుళాయి నీళ్ళు నింపడం. కూలెంట్ కాన్సంట్రేట్ (నీళ్ళు కలపని కూలెంట్), డిస్టిల్డ్ వాటర్ చెరిసగం మీరే కలిపి తీసుకెళ్ళండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, హీటర్ వేడివైపు తిప్పి, బుడగలు ఆగేదాకా స్టార్ట్‌లో ఉంచమనండి. ఎంతకీ ఆగకపోతే హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ, పైనున్న హెడ్‌కీ మధ్య సీలు) పోయిందేమోనని అనుమానించాలి. ఆ పని ఇక్కడ చేయరు.