ఈ-1తో చేరాలా, ఈ-4తో చేరాలా?

అమెరికా ఆర్మీలో మామూలుగా చేరితే ఈ-1, అంటే ‘ప్రైవేట్’ అనే అట్టడుగు ర్యాంకు. అదే బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే స్పెషలిస్ట్ అంటే ఈ-4తోనే మొదలుపెట్టొచ్చు. 2024 పే టేబుల్‌లో బేసిక్ పే ఈ-1కి నెలకి సుమారు 2,017 డాలర్లు, ఈ-4కి 2,633, ఇంటికి డబ్బు పంపేవాళ్ళకి ఇది చిన్న తేడా కాదు.

బూటు కట్టుకోకముందే ర్యాంకు ఇవ్వడం అన్యాయం అనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, ఈ-1తో చేరినవాడు ఒక్కో మెట్టు ఎక్కుతూ పని నేర్చుకుంటాడు, ఆ అనుభవం డిగ్రీతో రాదు. కానీ స్పెషలిస్ట్‌కి వచ్చేది జీతమే గానీ పెత్తనం కాదు, అదే ఈ-4లో కార్పొరల్ మాత్రమే ఎన్సీవో (కింది సైనికుల మీద అజమాయిషీ ఉన్న ర్యాంకు), ఆ పై మెట్టు సార్జెంట్ కావాలంటే మామూలుగా ఎవరైనా ప్రమోషన్ బోర్డు ముందు నిలబడాల్సిందే. బేసిక్ ట్రైనింగ్‌లో అయితే డ్రిల్ సార్జెంట్ అరుపులు ఇద్దరికీ ఒకటే.

అందుకే నా ఓటు ఈ-4కే. ముఖ్యంగా గ్రీన్ కార్డ్ మీదున్న మన తెలుగు పిల్లలకి, సిటిజన్‌షిప్ లేకుండా ఆఫీసర్ అవ్వలేరు కాబట్టి వాళ్ళ డిగ్రీకి దక్కే విలువ ఇదే. ట్రాన్‌స్క్రిప్టులు ముందే ఇచ్చి, ర్యాంకు కాంట్రాక్టులో రాసుందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టండి, రిక్రూటర్ నోటిమాట నమ్మి వెళ్ళొద్దు.