ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో రిబ్స్: టైమర్ ఆగిన తర్వాతి పదిహేను నిమిషాలు

ఎన్ని లీటర్లు పడుతుంది, ఎన్ని బటన్లున్నాయి అన్నవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నాను. చాలాకాలంగా ఈ కుక్కర్‌ని నేను ఎక్కువగా వాడేది పంది పక్కటెముకలకే, అంటే బార్బెక్యూ రిబ్స్‌కే. ఇందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది మామూలుగా ఎవరూ పట్టించుకోని విషయం. వంట టైమ్ అయిపోగానే అది తనంతట తానే వెచ్చగా ఉంచే మోడ్‌లోకి వెళ్లి, అప్పటినుంచి ఎన్ని నిమిషాలు గడిచాయో డిస్‌ప్లే మీద లెక్కపెడుతూ పోతుంది. రిబ్స్ బాగా కుదిరాయంటే ఆ లెక్క చూసుకుంటూ మూత జోలికి పోకుండా ఆగడం వల్లే.

పక్కటెముకల మాంసం గట్టిగా ఉండేది అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ వల్ల. ఎంత మంట పెట్టినా మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలు దాటవు. ఒత్తిడి పెరిగితే ఈ కుక్కర్లలో వేడి సుమారు 115 డిగ్రీల దాకా పోతుంది. ఆ తడి వేడికి కొలాజెన్ త్వరగా కరిగి జెలటిన్‌గా మారుతుంది. పొగ మీద నింపాదిగా ఐదారు గంటలు సాగే పని ఇక్కడ అరగంటలో అయ్యేది ఇందుకే. అయితే అప్పటికి మాంసం లోపలి రసం కూడా 100 డిగ్రీలు దాటి ఉంటుంది. టైమర్ ఆగగానే వాల్వ్ తిప్పి ఆవిరంతా ఒక్కసారిగా వదిలేశామంటే, ఆ రసం మాంసం లోపలే మరిగి బయటికి తన్నుకొచ్చేస్తుంది. ఇక మిగిలేది ఎండు నార. అదే పదిహేను నిమిషాలు ఆగితే ఒత్తిడి నెమ్మదిగా దిగుతుంది, రసం మాంసంలోనే ఉండిపోతుంది. రెండు రకాలుగానూ వండి తిన్నాక చెబుతున్నాను, తేడా మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

ప్రెషర్ కుక్కర్ పుట్టిందే ఎముకల కోసం. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త లండన్‌లోని రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం ముందు పెట్టిన ఆవిరి పాత్ర ఎముకలను మెత్తబరచడానికి చేసింది. ఎలక్ట్రిక్ కుక్కర్‌లో రిబ్స్ వండుతున్నప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొచ్చి సంతోషంగా ఉంటుంది.

నా పద్ధతి పెద్దదేం కాదు. ఎముకల వైపు అంటుకుని ఉండే పల్చటి పొరను తప్పకుండా లాగేస్తాను. ఎంత ఒత్తిడి పెట్టినా అది మెత్తబడదు. ఒక మూల కత్తితో లేపి, పేపర్ టవల్‌తో పట్టుకుంటే జారకుండా వచ్చేస్తుంది. ఉప్పు, బ్రౌన్ షుగర్, పాప్రికా, మిరియాలు, వెల్లుల్లి పొడి పట్టించి, రిబ్స్‌ను స్టాండ్ మీద నిలువుగా, గిన్నె గోడ వెంబడి గుండ్రంగా చుట్టి పెడతాను. అడుగున ఒక కప్పు నీళ్లు, కొంచెం యాపిల్ సైడర్ వెనిగర్. బేబీ బ్యాక్ రిబ్స్ (వెన్ను దగ్గరి చిన్న పక్కటెముకలు) అయితే 25 నిమిషాలు, స్పేర్ రిబ్స్ (పొట్ట వైపు పెద్ద పక్కటెముకలు) అయితే 35. బార్బెక్యూ సాస్ మాత్రం కుక్కర్‌లో అస్సలు వేయను. అది చిక్కగా ఉంటుంది, చక్కెర ఎక్కువ, అడుగంటుతుంది. సాస్ రాయడం, ఓవెన్‌లో పై మంట కింద నాలుగైదు నిమిషాలు మెరిసేదాకా ఉంచడం, ఇదంతా తర్వాతి పని.

ఇంత నమ్మకంగా వాడుతున్న కుక్కర్ ఒకసారి నన్ను నిలువునా ముంచింది. ఇంటికి భోజనానికి నలుగురు వస్తున్న సాయంత్రం అది. అన్నీ ఎప్పటిలాగే పెట్టాను. మామూలుగా పది, పదిహేను నిమిషాల్లో ఒత్తిడి పట్టి, మూత మీది చిన్న పిన్ను పైకి లేస్తుంది, టైమర్ మొదలవుతుంది. ఆ రోజు పిన్ను లేవలేదు. మాంసం ఫ్రిజ్‌లోంచి తీసింది కదా, ఆలస్యమవుతుందిలే అనుకున్నాను. ఇరవై నిమిషాలు దాటింది. మూత అంచు నుంచి సన్నగా ఆవిరి పోతూనే ఉంది. వంటింట్లో మసాలా వాసన మాత్రం కమ్మగా వస్తోంది, అందుకే టెన్షన్ పడాలా వద్దా కూడా తెలియలేదు. కాసేపటికి కుక్కర్ బీప్ కొట్టి, అడుగు మాడుతోందన్న హెచ్చరిక చూపించి, వేడి ఆపేసింది.

చల్లారాక మూత తీస్తే నీళ్లన్నీ ఇగిరిపోయాయి. మసాలాలోంచి కారిన చక్కెర అడుగున నల్లగా పట్టేసింది. రిబ్స్ బూడిదరంగులో, సగం ఉడికి, కత్తి గుచ్చితే దిగనంత గట్టిగా ఉన్నాయి. మూత లోపలి గ్యాస్కెట్‌ను వేలితో నెడితే తన గాడిలో వదులుగా గిరగిరా తిరుగుతోంది. కొన్నప్పుడు అది కదలాలంటే కాస్త బలం పెట్టాల్సి వచ్చేది. పగుళ్లు లేవు, చిరుగు లేదు. వాడగా వాడగా సిలికాన్ సాగిపోయింది, అంతే. ఏడాది, ఏడాదిన్నరకోసారి గ్యాస్కెట్ మార్చాలట. ఆ ముక్క నాకు వచ్చిన పుస్తకంలో చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. ఆ మోడల్ గ్యాస్కెట్ కోసం కంపెనీవాళ్లను అడిగితే స్టాక్ లేదన్నారు, వారాల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. కుక్కర్ మొత్తం ఆధారపడేది ఆ రింగు మీదే అయినప్పుడు, స్పేర్ ఒకటి డబ్బాలోనే పెట్టి ఇవ్వొద్దా? ఈ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ సాయంత్రం మాత్రం భోజనం ఆగలేదు. రిబ్స్‌ను రెండు పొరల ఫాయిల్‌లో గట్టిగా చుట్టి, 150 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు వదిలేశాను. వచ్చినవాళ్లు ఓపికగా కూర్చున్నారు. ఆ రిబ్స్ చాలా బాగున్నాయి. కొరికిన చోట మాంసం శుభ్రంగా ఊడి వచ్చింది, మిగతాది ఎముకను పట్టుకునే ఉంది. కుక్కర్ రిబ్స్ అలా ఉండవు. ఎముక పట్టుకుని లేపితే మాంసం ప్లేటులోనే ఉండిపోతుంది. అదే గొప్ప అని నేను చాలామందికి చెప్పాను. అమెరికాలో బార్బెక్యూ వంట పోటీలు నడిపే కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో అలా ఊడిపోయే రిబ్స్‌ను మరీ ఎక్కువ ఉడికినవిగా లెక్కిస్తారు. ఆ సాయంత్రం తర్వాత వాళ్లు ఎందుకలా అంటారో నాకు అర్థమైంది. బేబీ బ్యాక్‌కి ఇప్పుడు 25 కాదు, 20 నిమిషాలే పెడుతున్నాను. పదిహేను నిమిషాల ఆగడం మాత్రం తగ్గించలేదు.

పొగ సంగతి కూడా చెప్పాలి. లిక్విడ్ స్మోక్, అంటే సీసాలో దొరికే పొగ వాసన ద్రవం, రెండు చుక్కలు వేస్తే వాసన కొంత వస్తుంది కానీ, కట్టెల పొగలో గంటలు గడిపిన మాంసం మీద ఏర్పడే ముదురు పైపెచ్చు, లోపలి గులాబీరంగు చార ఈ పద్ధతిలో రావు. అవి కావాలనుకునేవాళ్లకు ఈ కుక్కర్ సరిపోదు. ప్రకటనల్లో కనిపించే ‘25 నిమిషాలు’ కూడా పూర్తి లెక్క కాదు. ఒత్తిడి పట్టడం, దిగడం, ఓవెన్ కలుపుకుంటే గంట దాటుతుంది.

ఆలస్యంగా తెలిసినా బాగా పనికొచ్చిన సంగతి ఇంకోటి ఉంది. ముందురోజే కుక్కర్‌లో వండి, కాస్త చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టేస్తే, జెలటిన్ గట్టిపడి రిబ్స్ విరగకుండా ఒక్క ముక్కగా ఉంటాయి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడే సాస్ రాసి, ముందు ఓవెన్‌లో లోపలిదాకా వేడెక్కనిచ్చి, చివర్లో పై మంట పెడితే చక్కగా కుదురుతాయి. వేడివేడి రిబ్స్‌ను పట్టకారుతో తీస్తుంటే ముక్కలైపోయే బాధ ఉండదు. అడుగున మిగిలిన నీళ్లు కూడా తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడతాయి. పైన పేరుకున్న కొవ్వు తీసేసి, ఆ జెల్లీని సాస్‌తో కలిపి మరిగిస్తే సాస్‌కి మంచి చిక్కదనం వస్తుంది.

గ్యాస్కెట్లు ఇప్పుడు రెండు పెట్టుకున్నాను, ఒకటి మాంసానికి, ఒకటి తీపి వంటలకు. సిలికాన్ వాసన పీల్చేస్తుంది, ఎంత కడిగినా పోదు.

కొనమని చెప్పాలా అంటే, నా సంగతి వేరు. పనిరోజుల్లో సాయంత్రం ఐదారు గంటలు మంట దగ్గర కూర్చునే వీలు నాకు లేదు, పొగ పెట్టే చోటు అంతకన్నా లేదు, పై మంట వచ్చే ఓవెన్ మాత్రం ఉంది. ఈ మూడూ మీకూ అలాగే ఉంటే తీసుకోండి, స్పేర్ గ్యాస్కెట్ దొరికే మోడలేనా అని ముందే కనుక్కోండి. ఓవెన్‌గానీ ఎయిర్ ఫ్రయర్‌గానీ లేకపోతే, రిబ్స్ కోసమే అయితే నేను కొనమని చెప్పను.