కాశీ పేరున్న పుస్తకాల్లో ఏది ముందు చదవాలి?

కాశీకి టిక్కెట్లు తీసుకున్నవాళ్లు, వెళ్లేలోపు చదవడానికి తెలుగులో ఏదైనా మంచి పుస్తకం చెప్పమని అడుగుతుంటారు. చెప్పడం అంత తేలిక కాదు. పేరులో కాశీ ఉన్న పుస్తకాలు మనకు చాలానే ఉన్నాయి గానీ, వాటిలో ఒకటి పద్యకావ్యం, ఒకటి ప్రయాణపు డైరీ, ఇంకొకటి రాకుమారులూ మాంత్రికులూ తిరిగే కథల గుట్ట. పేరు చూసి కొంటే తేడా కొడుతుంది. భక్తితో శ్రీనాథుడి కాశీఖండం తెచ్చుకుని రెండో పేజీ దాటలేనివాళ్లు ఉంటారు. కాశీలో ఏ గుడి ఎక్కడుందో తెలుస్తుందని కాశీమజిలీ కథలు తెరిచి బిత్తరపోయేవాళ్లూ ఉంటారు.

నా ఓటు ఎవరికో ముందే చెప్పేస్తాను. ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర చదవండి. అయితే ఇది అందరికీ సరిపడే సలహా కాదు. మిగతావాటిలో ఉన్న కొన్ని సంగతులు ఇందులో దొరకవు.

వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. మన దేశంలో మొదటి ప్యాసింజర్ రైలు నడవడానికి అప్పటికింకా 23 ఏళ్లుంది. పల్లకీలు, బోయీలు, కావళ్లు, కాపలావాళ్లు, బంధువులు అందరూ కలిసి వందమంది దాకా ఆయన వెంట నడిచారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్ మీదుగా ప్రయాగకూ కాశీకీ వెళ్లారు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని మన కోస్తా వెంబడి శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమండ్రి, నెల్లూరు దాటుతూ ఇల్లు చేరారు. దారిలో చూసిందంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే స్నేహితుడికి రాసి పంపేవారు. ఆ రాతలే పుస్తకమయ్యాయి. ఆయన 1836లో పోయారు, పుస్తకం 1838లో అచ్చయింది.

ఇందులో నాకు బాగా నచ్చేది ఆయన చూపు. ఒక ఊరు చేరగానే ముందు కనిపెట్టేది ఆ ఊరి మహత్యాన్ని కాదు. బాట రాళ్లదా ఇసకదా, నీళ్లు బావివా చెరువువా, బియ్యం పప్పు దొరుకుతాయా, వందమంది దిగడానికి చోటుందా అన్నవి ముందు. గుడి సంగతి ఆ తర్వాత. గుడి దగ్గరికి వెళ్లినా కళ్లు మూసుకుని దణ్ణం పెట్టి ఊరుకునే మనిషి కాదు. యాత్రికుల డబ్బు ఎవరి ఖజానాకు వెళుతోందో కూడా చూస్తారు. అప్పటికి తిరుమల ఆలయం కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతిలోనే ఉంది. దాన్ని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది 1843లో. దేవుడి దగ్గర మొక్కు తీర్చుకోవడం, సర్కారు వసూళ్లు పక్కపక్కనే నడిచిన కాలం అది. కోర్టులో పనిచేసిన మనిషి కాబట్టి ఆ లెక్క ఆయన కళ్లకు ఇట్టే కనబడుతుంది.

హైదరాబాదు భాగం తెలంగాణ పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తిగా ఉంటుంది. హుస్సేన్‌సాగర్, బజార్లు, వీధుల్లో ఆయుధాలు పట్టుకు తిరిగే జనం, వాళ్లను చూసి ఇంగ్లీషు పాలనకు అలవాటుపడిన మద్రాసు ఉద్యోగి పడే చిరాకు, అన్నీ ఉంటాయి. ఆ చిరాకును యథాతథంగా నమ్మక్కర్లేదు. కుంఫిణీ జీతం తిన్న మనిషి నిజాం రాజ్యాన్ని చూస్తున్నాడని గుర్తుపెట్టుకుని చదివితే చాలు. కులాల గురించి, ప్రాంతాల మనుషుల గురించి ఆయన తేల్చిపారేసే మాటలు కొన్ని ఇవాళ మింగుడు పడవు కూడా.

భాష అనుకున్నంత కష్టం కాదు. ముసాఫరులు, బస్తీ, సర్కారు లాంటి మాటలు ధారాళంగా దొర్లుతాయి. గ్రాంథికం రాయాలన్న పంతం లేని, అప్పటి సర్కారు కచేరీల్లో నలిగిన తెలుగు అది. వాక్యాలు పొడుగే గానీ నాలుగు పేజీలు పోయాక చెవికి పట్టుబడతాయి. కానీ విసుగు లేదని అబద్ధం చెప్పను. "ఇక్కణ్ణించి అక్కడికి ఇంత దూరం, ఊరు చిన్నది, అన్నీ దొరుకుతాయి" అన్న ధోరణి పేజీల తరబడి సాగుతుంది. అలాంటి చోట్ల తెలిసిన ఊళ్లు ఆపి చదివి, తెలియనివి చూపుతో దాటేయడమే మంచిది. దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో పరిష్కరించి వేసిన ప్రతి దొరికితే అదే తీసుకోండి.

ఇక కాశీఖండం. దీన్ని ఎవరికైనా సిఫార్సు చేయాలంటే నాకు కొంచెం భయం. నైషధం విద్వదౌషధం, కాశీఖండం అయఃపిండం అన్నారు పెద్దలు. నైషధకావ్యం పండితులకు మందు, కాశీఖండం ఇనుపముద్ద అని. 15వ శతాబ్దపు శ్రీనాథుడు స్కాందపురాణంలోని 100 అధ్యాయాల సంస్కృత మూలాన్ని ఏడు ఆశ్వాసాల (అధ్యాయాల) తెలుగు కావ్యంగా మలిచి, రాజమహేంద్రవరం ఏలిన అల్లయ వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. మొదటినుంచి వరసగా చదవాలని కూర్చుంటే తీర్థాలు, లింగాలు, వ్రతాలు, ఫలశ్రుతుల మధ్య సామాన్య పాఠకుడికి ఊపిరాడదు. టూర్ ప్లాన్ కోసం ఇది చదవాలనుకుంటే వద్దనే అంటాను.

మరి దీని ఊసెందుకంటే, ఇందులో రెండు కథలున్నాయి. ఆ రెండింటి ముందు వీరాస్వామయ్య గారి డైరీ వెలవెలపోతుంది.

ఒకటి గుణనిధి కథ. కాంపిల్య నగరంలో యజ్ఞదత్తుడనే దీక్షితుడి కొడుకు జూదరి. తల్లికి అంతా తెలుసు, తండ్రి దగ్గర మాత్రం కొడుకు స్నానానికి వెళ్లాడనీ చదువుకోవడానికి వెళ్లాడనీ కప్పిపుచ్చుతూ వస్తుంది. ఒకరోజు తండ్రికి వీధిలో ఎవడో జూదరి వేలికి తన ఉంగరమే కనబడుతుంది. ఇంటికొచ్చి భార్యను ఉంగరం ఏదని అడుగుతాడు. ఎక్కడో పెట్టాను, భోజనం చేయండి, వెతికి ఇస్తానంటుంది ఆవిడ. ఆ ఒక్క ఘట్టం చాలు. కొడుకు చెడిపోతున్నాడని తెలిసీ తండ్రికి చెప్పలేని తల్లులున్న ఏ ఇంట్లోనైనా ఈ సంభాషణ ఇవాళ కూడా జరుగుతుంది. తర్వాత గుణనిధి ఇల్లు విడిచి, ఆకలితో తిరిగి తిరిగి, శివరాత్రి నాడు నైవేద్యం వాసన పట్టుకుని గుళ్లోకి దొంగలా దూరతాడు. దీపం కొడిగట్టింది. అన్నం కనబడటం కోసం తన బట్ట చింపి వత్తి వేస్తాడు. పట్టుబడి దెబ్బలకు చచ్చిపోతాడు. పాపం, వాడు దీపం వెలిగించింది దేవుడి కోసం కాదు, అయినా శివుడు దాన్ని పుణ్యంగానే రాసుకున్నాడు. మరుజన్మలో కళింగరాజు, ఆ తర్వాత కుబేరుడు.

రెండోది వ్యాసుడి ఆకలి. పదో తరగతి తెలుగులో 'భిక్ష' పాఠం చదువుకున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది ఏడో ఆశ్వాసంలోది. శివుడి మాయ వల్ల కాశీలో ఏ ఇల్లాలూ వ్యాసుడికి పిడికెడు అన్నం పెట్టదు. వేదాలు విభజించిన మహర్షి ఆకలికి తాళలేక కాశీవాసులకు మూడు తరాలపాటు చదువు, ధనం, మోక్షం లేకుండా పోవాలని శపించబోతాడు. అప్పుడు ఒక వాకిట్లో ముత్తైదువ రూపంలో అన్నపూర్ణ కనిపించి, ముందు నాలుగు చీవాట్లు పెట్టి, తర్వాత శిష్యులతో సహా భోజనానికి పిలుస్తుంది. కడుపు నిండాక శివుడు కాశీ వదిలి పొమ్మంటాడు. గంగకు అవతలి ఒడ్డున, రామనగర్ వైపు, వ్యాసకాశీ అని ఇప్పటికీ చూపిస్తారు. తెలుగువాళ్లకు ఇందులో ఇంకో బంధుత్వం కూడా ఉంది. శ్రీనాథుడి భీమేశ్వరపురాణంలో, కాశీ నుంచి వెళ్లగొట్టబడిన ఈ వ్యాసుడు దక్షారామానికి, అంటే మన ద్రాక్షారామానికి వస్తాడు.

మూడోది కాశీమజిలీ కథలు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి పన్నెండు భాగాల మహాసంపుటి. మణిసిద్ధుడనే యతి కాశీకి బయల్దేరతాడు. తోడు రావడానికి ఎవరూ ఒప్పుకోరు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకునే రోజులు. చివరికి పశువులు కాసే కుర్రాడొకడు ఒప్పుకుంటాడు గానీ ఒక షరతు పెడతాడు. ప్రతి మజిలీలో తాను చూసిన వింతకు కథ చెప్పాలి, చెప్పకపోతే అడుగు ముందుకు వేయడు. యతి దగ్గరున్న మణి వల్ల ఆయనకు ఆ కథలన్నీ తెలుస్తాయి. అంతే, ఇక కథలో కథ, అందులో ఇంకో కథ.

కాశీ గురించి తెలుసుకోవడానికి ఇది పనికిరాదు. ఇందులో కాశీ ఒక సాకు మాత్రమే. కానీ తెలుగు జానపద సినిమా పెరిగిన ఇల్లు చూడాలంటే ఇక్కడికే రావాలి. 1951 నాటి పాతాళభైరవికి మూలం ఈ కథల్లోనే ఉందని చెబుతారు. గ్రాంథిక వచనం కాబట్టి ఇప్పటి పిల్లలు సొంతంగా చదవలేరు, పెద్దవాళ్లు చదివి సొంత మాటల్లో చెప్పాలి. సరళమైన తెలుగులోకి కుదించిన సంపుటాలు దొరుకుతాయి, పిల్లలకైతే అవే మేలు. రెండు మూడు భాగాలు దాటాక వరస కనిపెట్టేస్తాం: రాకుమారి, మారువేషం, తప్పిపోయిన మిత్రుడు, కలుసుకోవడం. పన్నెండూ కొనేయకండి. ఒకటి చదివాక ఆలోచించండి.

నాలుగో పుస్తకం ఒకటుంది, చిన్నది. తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు కుర్రతనంలో చదువు కోసం కాశీకి వెళ్లిన ముచ్చట్లను పెద్దయ్యాక చెప్పుకొచ్చిన కాశీయాత్ర. శాస్త్రి గారు ఒక మాట మొదలుపెట్టి పది మాటలు చుట్టి వస్తారు. ఆ చుట్టు నచ్చేవాళ్లకు హాయి, నచ్చనివాళ్లకు తలనొప్పి. నాకు హాయే గానీ, మొదటి పుస్తకంగా మాత్రం ఇవ్వను.

మొదటి మూడింటినీ ఒకే గీటురాయి మీద గీసి చూడాలంటే నేను అన్నం సంగతి పట్టుకుంటాను. ప్రక్రియలు ఎంత వేరైనా మూడింట్లోనూ దారిన పోయేవాడి ఆకలి ఉంది. మజిలీ కథల్లో వంట, భోజనం అయ్యాక కథ మొదలవుతుంది. అక్కడ తిండి కథకు ముందు తీరిపోవాల్సిన పని, ఎవరికీ నిజంగా ఆకలి వేయదు. వీరాస్వామయ్య గారి దగ్గర తిండి వందమందికి ఏర్పాటు చేయాల్సిన సరుకు. ఏ ఊళ్లో దొరుకుతుందో రాసిపెడితే వెనక వచ్చేవాళ్లకు ఉపయోగం. శ్రీనాథుడి దగ్గర మాత్రమే ఆకలి మనిషి స్వభావాన్ని బయటపెడుతుంది, దొంగను కుబేరుణ్ని చేస్తుంది, మహర్షిని శాపం దాకా దిగజారుస్తుంది. సాహిత్యంగా తూచితే శ్రీనాథుడే బరువు. కానీ ఆ బరువు ఏడు ఆశ్వాసాల్లో సమంగా లేదు, అందుకే మొత్తం పుస్తకానికి నా ఓటు వేయలేకపోతున్నాను. వీరాస్వామయ్య గారి పుస్తకంలో శిఖరాలు లేవు, కానీ ఎక్కడ తెరిచినా ఒక ఊరూ ఒక దారీ ఆయన కళ్లముందు నిజంగా ఉన్నాయన్న నమ్మకం కలుగుతుంది.

ఇంకో తేడా కూడా చెప్పాలి. కాశీఖండంలో కాశీ మహిమ వినే అగస్త్యుడు అప్పటికి కాశీలో లేడు. వింధ్యపర్వతం పొగరు అణచడానికి దేవతలు బతిమాలితే, ప్రాణం లాగుతున్నా కాశీ విడిచి దక్షిణాదికి వచ్చేశాడు. ఆ తర్వాత కుమారస్వామి చెబుతుంటే వింటాడు. ఆ వదిలి వచ్చిన బెంగ వల్ల కాశీ మీద ఆశ పుడుతుంది. వీరాస్వామయ్య గారిని చదివితే ఆశ కంటే ఎక్కువగా ధైర్యం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లు వెళ్లలేని స్థితిలో ఉంటే వాళ్లకు కాశీఖండంలోని కథలు చదివి వినిపించండి, వెళ్లగలిగినవాళ్ల చేతికి డైరీ ఇవ్వండి.

ప్రయాణానికి నెల రోజులే ఉందనుకుంటే నేనైతే ఇలా చేస్తాను. కాశీయాత్ర చరిత్రలో ముందు సొంత జిల్లా భాగం తీస్తాను. రాయలసీమ, తెలంగాణ వాళ్లయితే వెళ్లేటప్పటి దారిలో, కోస్తా వాళ్లయితే తిరుగు దారిలో ఉంటుంది. అది పట్టుకున్నాక ప్రయాగ, కాశీ, గయ భాగాలు. కాశీఖండం తాత్పర్యం ఉన్న ప్రతి తెచ్చుకుని గుణనిధి కథ, ఏడో ఆశ్వాసంలో వ్యాసుడి ఘట్టం చదువుతాను. పద్యం అర్థమైనా కాకపోయినా ఒకసారి పైకి చదవాలి, శ్రీనాథుడి సీసపద్యం కంటితో చదివేది కాదు. పిల్లలు వెంట ఉంటే మజిలీ కథల కుదింపు ఒకటి రైల్లోకి. సికింద్రాబాద్ నుంచి కాశీకి ఒక రోజు పైనే పడుతుంది, ఫోన్ చార్జింగ్ అయిపోయాక దాని అవసరం ఎలాగూ వస్తుంది.